పెళ్లి వద్దనుకున్నాం సరే, ఫారంలో 'సంబంధం' దగ్గర ఏం రాయాలి?

పిల్లగాలి:
నాకు 43 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. కుదరక కాదు, వద్దనుకుని. ఈ ఒక్క మాట చెప్పడానికి ఇరవై ఏళ్లుగా ఏదో ఒక ముందుమాట వెతుక్కుంటూనే ఉన్నాను. ఇక్కడ అదేమీ లేకుండా రాస్తున్నా.

పోయిన నెల పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. చిన్నదే, మర్నాడు ఇంటికి పంపేశారు. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో 'అత్యవసరమైతే ఎవరికి తెలపాలి' అని ఒక గడి, పక్కనే 'సంబంధం' అని ఇంకో గడి. మొదటిదాంట్లో నా ఫ్రెండ్ పేరు రాసి, రెండోదాంట్లో 'స్నేహితురాలు' అని రాశా. కౌంటర్లో అమ్మాయి పెన్ను తీసి 'స్నేహితురాలు' చుట్టూ గుండ్రంగా గీసి, ఫారం నా వైపు తిప్పింది. "ఇంట్లోవాళ్లు ఎవరూ లేరా మేడమ్?" అప్పటికి నా ఫైలు, నా మందుల చీటీ, కవర్లో పెట్టిన నా చెప్పులు పట్టుకుని ఆ స్నేహితురాలు నా పక్కనే నిలబడి ఉంది. చివరికి తమ్ముడి పేరు రాస్తే గానీ తీసుకోలేదు. వాడుండేది వేరే దేశంలో. ఆపరేషన్ సంగతి వాడికి చెప్పనే లేదు.

నేను అడగాలనుకున్నది ఇది. పెళ్లి వద్దన్న ఆడదాని గురించి జనం దగ్గర మూడే బొమ్మలు ఎందుకున్నాయి? ప్రేమలో దెబ్బతిన్నది, పొగరుబోతు, ఏదో లోపం ఉన్నది. నాలుగోది ఉండకూడదా?

పాతకాపు:
ముందుగా ఆరోగ్యం జాగ్రత్తమ్మా. కానీ ఫారంలో అవమానం ఏముందో నాకు అర్థం కాలేదు. రాత్రి రెండింటికి ఏదైనా అయితే పరుగెత్తుకొచ్చేదెవరో వాళ్లకు తెలియాలి కదా. స్నేహితులు మంచివాళ్లే, కాదనను. రేపు వాళ్ల ఇంట్లోనూ ఏదో ఒకటి వస్తుంది, వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారు. పెళ్లి వద్దనుకోవడం మీ ఇష్టం. ఆ ఇష్టంతో పాటు వచ్చే ఇబ్బంది కూడా మీదే. దాన్ని తెచ్చి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మీద పెడితే ఎలా?

వడ్రంగిపిట్ట:
పరుగెత్తుకొచ్చే మనిషి చెప్పులు పట్టుకుని పక్కనే నిలబడి ఉందండీ. పోస్టు ఇంకోసారి చదవండి.

దారినపోయే దానయ్య:
నాకు పెళ్లయింది. ఆ గడిలో మా ఆవిడ పేరే రాస్తా. ఆవిడ ఫోను మాత్రం ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుంది.

పాతకాపు:
జోకులు సరే. సంతకం సంగతి చెప్పండి. ఆపరేషన్‌కి సంతకం ఎవరు పెడతారు? స్నేహితురాలు పెడితే చెల్లుతుందా? నేనడిగేది ఈ ఒక్క ముక్కే.

పుస్తకాలపురుగు:
ఆ ఒక్క ముక్కకే సమాధానం. స్పృహలో ఉన్న మేజర్‌కి ఎవరి సంతకమూ అక్కర్లేదు, తన సంతకమే కావాలి. దీని మీద భారత సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పిచ్చింది. ఆ కేసులో ఉన్నది కూడా పెళ్లికాని స్త్రీయే, 44 ఏళ్లు. లోపల ఏముందో చూడ్డానికని మత్తిచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లి ఒప్పుకోలు చెల్లదు అంది కోర్టు. కన్నతల్లి సంతకమే చెల్లలేదు. ఇక తమ్ముడిది ఎంత.

బొమ్మల విషయానికొస్తే, ఇంగ్లీషులో 'స్పిన్‌స్టర్' అంటే మొదట్లో నూలు వడికే మనిషి. తన పని చేసుకుని తన తిండి తను తినే మనిషికి పెట్టిన పేరు. 17వ శతాబ్దంలో అదే పెళ్లికాని స్త్రీకి చట్టంలో హోదా అయింది, పోనుపోను ఎగతాళి మాట అయింది. ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి రిజిస్టర్లలో 2005 దాకా అలాగే రాశారు, ఆ తర్వాతే 'సింగిల్' వచ్చింది. మగవాడికి రాసే 'బ్యాచిలర్' కూడా అప్పుడే పోయిందనుకోండి. కాకపోతే ఆ మాట అనిపించుకుని ఏ మగవాడూ తల దించుకున్నట్టు నేనెక్కడా చదవలేదు.

పాతకాపు:
స్పృహలో ఉంటే సంతకం పెట్టుకుంటారు. లేకపోతే?

వడ్రంగిపిట్ట:
లేకపోతే ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్టర్లు సంతకం కోసం ఆగరు. అయినా 'లేకపోతే' అన్నది పెళ్లయినవాళ్లకు రాదా? మొగుడూ పెళ్లాల్లో ఒకరు ముందు పోతారు. ఆడవాళ్ల ఆయుష్షు సగటున ఎక్కువ, కాబట్టి మిగిలేది ఎక్కువగా భార్యే. ఒంటరిగా చివరి ఏళ్లు గడపడం అంటే పెళ్లికాని ఆడదానికి పడ్డ శిక్షన్నట్టు మాట్లాడతారు గానీ, దాంట్లోకి చివరికి చాలామంది వస్తారు. మేం కాస్త ముందు సిద్ధపడతాం, అంతే.

ఇరవైతొమ్మిది:
నేనింకా తేల్చుకోలేదు. అయినా అప్పుడే నాకు మీ మూడు బొమ్మల్లో రెండు తగిలించేశారు.

రెండో షిఫ్ట్:
పిల్లగాలి గారి బాధ అర్థమైంది. కానీ నాదీ ఒకటి రాస్తా, కోపం తెచ్చుకోకండి. నాకిద్దరు పిల్లలు. మొన్న చిన్నవాడికి జ్వరమొచ్చి మధ్యాహ్నం ఆఫీసు నుంచి వెళ్లిపోతుంటే పెళ్లికాని కొలీగ్ ఒకామె "నీకేంలే, పిల్లలున్నారంటే చాలు, వెళ్లిపోవచ్చు" అంది. నవ్వుతూనే అంది. ఇంటికెళ్లేసరికి వాడు పక్క మీద వాంతి చేసుకుని ఉన్నాడు. ఆ దుప్పట్లు ఉతుకుతూ ఆ మాటే తలుచుకున్నా. మీ మీద బొమ్మలున్నాయి, నిజమే. మా మీదా ఉన్నాయి. సొంత బుర్ర లేనిది, మొగుడి చాటున బతికేది, పిల్లలు తప్ప వేరే కబుర్లు తెలియనిది.

పిల్లగాలి:
ఆ కొలీగ్ అలా అనకుండా ఉండాల్సింది. కానీ మీరు మధ్యాహ్నం వెళ్లాక మీ బల్ల మీద మిగిలిన పని ఎటు వెళ్లిందో ఒక్కసారి చూడండి. మా ఆఫీసులో అయితే నా దగ్గరికొస్తుంది. పదకొండేళ్లుగా ఏడాది చివరి లెక్కల వారం నాదే. మొదటిసారి మేనేజర్ అడిగాడు. రెండోసారి నుంచి అడగడం కూడా మానేశాడు, జాబితాలో నా పేరు వేసి పంపుతాడు. "మీకు ఇంటికెళ్లినా ఎవరూ ఎదురుచూడరు కదండీ." నిజమే, చూడరు. ఇంటికెళ్లి ఏమీ చెయ్యకుండా కిటికీ పక్కన కూర్చోవడం కూడా నాకు ఇష్టమైన పనే. దాన్ని పనిగా ఎవరూ లెక్కెయ్యరు.

రెండో షిఫ్ట్:
అంటే నా పిల్లాడి జ్వరం, మీ కిటికీ ఒకటేనా?

పిల్లగాలి:
ఒకటని నేనెక్కడ అన్నాను? నన్ను అడిగి జాబితా వెయ్యమంటున్నాను.

దారినపోయే దానయ్య:
మేనేజర్ మాత్రం హాయిగా నిద్రపోతూ ఉంటాడు.

పాతకాపు:
మళ్లీ పక్కదారి పట్టించారు. సంతకం దగ్గరికి రండి. మా రోజుల్లో ఈ గొడవే లేదు. ఎవరో ఒకళ్లు ఇంట్లో పెళ్లి మానుకుంటే దానికో కారణం ఉండేది, గౌరవం ఉండేది. ఇప్పుడు ఉద్యోగం, జీతం వచ్చాక 'ఛాయిస్' అంటున్నారు. బాధ్యత తప్పించుకోవడానికి పెట్టుకున్న ముద్దుపేరు అది.

పుస్తకాలపురుగు:
'ఇప్పుడు' అనకండి. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పెళ్లి చేసుకున్న టీచరమ్మ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చేది, 1944లో చట్టం తెచ్చి ఆపారు. ఐర్లండ్ ప్రభుత్వోద్యోగాల్లో ఆ నిబంధన 1973 దాకా నడిచింది. పాఠం చెప్పడం ఇష్టమైన మనిషి పెళ్లి వదులుకుంది, ఆమెను చూసి జనం ముసలి కన్య అని నవ్వారు. ఉద్యోగమా పెళ్లా తేల్చుకోమన్నదీ వాళ్లే, తేల్చుకుంటే నవ్విందీ వాళ్లే.

పాతకాపు:
పుస్తకాలు మీ దగ్గర ఎన్నైనా ఉండొచ్చు. ఇంట్లో ముసలివాళ్లు మంచాన పడితే మొహం చాటేసి "నా జీవితం నా ఇష్టం" అనేవాళ్లను నేను కళ్లారా చూశాను.

పిల్లగాలి:
ఎవరండీ మొహం చాటేసింది? అమ్మకు పక్షవాతం వచ్చాక ఆరేళ్లు మంచం పక్కనున్నది నేను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుళ్లు పడుతుంది. పన్నెండుకి, రెండుకి, నాలుగుకి అలారం. అమ్మ పోయి మూడేళ్లయింది, నాకిప్పటికీ రెండింటికి మెలకువ వస్తుంది. రాత్రి రెండింటికి పరుగెత్తుకొచ్చేదెవరని మొదట్లో అడిగారు కదా, ఆరేళ్లు నేనే వచ్చాను. తమ్ముడు రాలేకపోతే "వాడికి కుటుంబం ఉంది" అన్నారు బంధువులంతా. నాకు లేదట. మరి ఆ మంచం మీద ఉన్నది ఎవరు?

ఎవరి సంతకం చెల్లుతుందో చెప్పడానికి మీరెవరు? సిగ్గుండాలి.

నిర్వాహకులు:
వాదన చేయండి, మనుషుల్ని అనకండి. చివరి వాక్యం తీసేయమని పిల్లగాలి గారికి మనవి.

పిల్లగాలి:
తియ్యను.

వడ్రంగిపిట్ట:
నేనూ తియ్యనివ్వను.

పాతకాపు:
ఉంచండి, ఫర్వాలేదు. నేనూ ఒకటి చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

మా అక్క పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయేనాటికి నేను తొమ్మిదో తరగతి. నా ఫీజు, చెల్లెలి ఫీజు తనే కట్టింది. నా పెళ్లి పనులకు కాళ్లరిగేలా తిరిగింది. అమ్మ చివరి రెండేళ్లు తన దగ్గరే. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాణ్ణి, మా కోసం అక్క పెళ్లి మానుకుందని. అమ్మ పోయిన మూడో నెలలో వేరే ఊళ్లో ఇల్లు తీసుకుంది. నేనేమో మా ఇంట్లో పైగది ఖాళీ చేయించి, రంగు కూడా వేయించి పెట్టాను. వద్దురా అంది. ఇంత చేసినదానివి ఇప్పుడు పరాయివాళ్లను చేస్తావా అనడిగితే ఏమందో తెలుసా? "నేను పెళ్లి వద్దనుకున్నది మీ కోసం కాదు, నాకు వద్దు కాబట్టి. మీకు చేసింది మీరంటే ప్రేమ కాబట్టి. రెండూ కలపకు" అంది.

అప్పటికి నాకు యాభై ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా నేను మోసిన రుణం ఏమైనట్టు? ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇరవైతొమ్మిది:
ఆవిడ రుణం లేదని చెబితే మీకు తేలికవ్వాలి కదా. కోపం ఎందుకు?

వడ్రంగిపిట్ట:
ఇంతసేపూ సంతకం సంతకం అని నలిపారు, సంగతి ఇదన్నమాట. పిల్లగాలి గారూ, నాలుగో బొమ్మ అడిగారుగా, ఇదిగో: త్యాగమూర్తి. మిగతా మూడింటికన్నా ఇదే ప్రమాదం. తిట్టినవాళ్లతో పోట్లాడొచ్చు, పొగిడేవాళ్లతో ఏం చేస్తాం? ఒకసారి దండ వేశాక ఇక ఆ బొమ్మ కదలకూడదు.

పాతకాపు:
మీకు అక్క లేదేమో, అందుకే ఇలా మాట్లాడుతున్నారు.

వడ్రంగిపిట్ట:
ఉంది. పెళ్లయింది, మొగుడున్నాడు. తన ఫారంలో ఆ గడిలో ఉన్నది నా పేరు.

రెండో షిఫ్ట్:
రెండు రోజులుగా ఈ పేజీ తెరిచి మూసేస్తున్నా. మా ఆడపడుచు పెళ్లి చేసుకోలేదు. మా అత్తగారు ఆవిడ దగ్గరే ఉంటారు. "ఆవిడకేం, ఖాళీయే కదా" అని నేనే చాలాసార్లు అన్నాను. ఒకసారి ఆవిడ వింటుండగానే. ఆవిడేమీ అనలేదు, మందుల డబ్బాలో మాత్రలు సర్దుకుంటూ ఉండిపోయింది. జ్వరం, కిటికీ ఒకటేనా అని నేనడిగింది మాత్రం వెనక్కి తీసుకోను. నాకింకా ఆ అనుమానం ఉంది.

పిల్లగాలి:
ఉండనివ్వండి. మీరు రాసినందుకు సంతోషం.

పాతకాపు గారూ, ఒక చిన్న ప్రశ్న. ఆ పైగదికి మెట్లు ఎటునుంచి?

పాతకాపు:
ఇంట్లోంచే. హాలు పక్కనుంచి. ఎందుకు?

పిల్లగాలి:
తలుపుకి విడిగా తాళం ఉందా?

పాతకాపు:
తాళమెందుకు? అది ఇల్లండీ, లాడ్జి కాదు. సొంత అక్కకి తాళంచెవి ఇచ్చి, వస్తూ పోతూ ఉండు అంటామా?

పిల్లగాలి:
నేనైతే ఆ తాళంచెవి ఇచ్చి ఉంటే వచ్చేదాన్నేమో. మీ అక్కగారి సంగతి నాకు తెలియదు.

పాతకాపు:
మీరు రారు. వచ్చినా నాలుగు రోజులుండి వెళ్లిపోతారు. తనూ అంతే.

(కాసేపాగి) రంగు మాత్రం తనకిష్టమైనదే వేయించాను.

వడ్రంగిపిట్ట:
అడిగి వేయించారా?

పాతకాపు:
మీతో మాట్లాడటం నా వల్ల కాదు.

దారినపోయే దానయ్య:
మొదటి పోస్టు ఇప్పుడే పూర్తిగా చదివా. ఆ 'సంబంధం' దగ్గర ఏమీ రాయకుండా ఒక గీత కొట్టి ఇచ్చేస్తే ఏమవుతుంది?

పిల్లగాలి:
గీత చుట్టూ కూడా గుండ్రంగా చుట్టి వెనక్కిస్తారు. ముందు చేసింది అదే.