పెరటి వంట గట్టుకు కడప బండా, గ్రానైటా?

వేపనీడ
పెరట్లో 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున వంట గట్టు కట్టాలి. ఒక చివర కట్టెల పొయ్యి, మధ్యలో గ్యాసు, ఇంకో చివర సింకు. గోడలు రాయి, మట్టితోనే. పైకి నల్ల కడప బండ చాలంటున్నాడు మేస్త్రి. రాళ్ల కొట్టువాళ్లేమో గ్రానైట్ వేయకపోతే రెండేళ్లకే పీకేస్తారంటున్నారు. ఎవరి మాట వినాలి?

సున్నపుగచ్చు
సింకు దగ్గర మాత్రం కొట్టువాళ్ల మాటే వినండి. నాపరాళ్లనే కడప, తాండూరు, బేతంచెర్ల, షాబాద్ బండలన్నీ సున్నపురాయే. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. అది మరక కాదు కాబట్టి ఎంత తోమినా పోదు. నమ్మకం లేకపోతే పాలిష్ బండ ముక్క మీద నిమ్మచెక్క బోర్లించి పది నిమిషాలు ఆగండి, గుండ్రంగా మెరుపు పోయి కనిపిస్తుంది. మంచి గ్రానైట్‌కి ఏమీ కాదు. నల్లదైతే మాత్రం దూదిని అసిటోన్‌లో ముంచి రుద్ది చూసుకోండి. దూదికి నలుపు అంటితే అది రంగు పూసిన రాయి.

రోలు_రోకలి
పాలిష్ బండ ఎవరు వేయమన్నారండీ? గరుకు నాపరాయి వేస్తే ఆ మచ్చ కంటికి ఆనదు. మే నెల ఎండలో మెరిసే నల్ల గ్రానైట్ మీద చెయ్యి ఆనించగలరా? బూడిదరంగు తాండూరు అంత కాలదు.

సున్నపుగచ్చు
కాలేది నలుపు వల్ల, గ్రానైట్ వల్ల కాదు. నల్ల కడప బండా అంతే కాలుతుంది. లేత రంగు గ్రానైట్ కూడా దొరుకుతుంది. పైగా గరుకు రాయిలోకి నూనె, పసుపు దిగితే తీయడం ఎవరి తరం?

పుట్టమన్ను
ఇద్దరూ పొయ్యి సంగతి వదిలేశారు. మంట కింద రెండూ పనికిరావు. ఒకచోటే వేడెక్కి పక్కన చల్లగా ఉంటే గ్రానైట్ పగులుతుంది. నాపరాయి పొరల్లో నీళ్లుంటే ఆవిరై పెచ్చులు లేస్తాయి. పొయ్యి వైపు 3 అడుగుల మేర బండ ఆపేసి ఇటుక పేర్చండి. మీద పుట్టమన్ను ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కాస్త ఊక, పేడ కలిపి మెత్తండి. ఆరాక నెర్రెలిస్తే ఇసుక చాలలేదన్నమాట. వారం నీడన ఆరనిచ్చి, మొదట సన్న మంటే పెట్టాలి. బండకూ పొయ్యికీ మధ్య వేలు పట్టేంత సందు వదిలి ఇసుక నింపండి. అక్కడ సిమెంటు కొడితే రాయి వ్యాకోచించడానికి చోటుండదు, అంచు విరుగుతుంది.

రోలు_రోకలి
పొయ్యి దగ్గర ఒప్పుకుంటా. మిగతా 7 అడుగులకు నా ఓటు నాపరాయికే, కానీ ఒకటిన్నర అంగుళం మందం ఉండాలి. కింద రెండున్నర అడుగులకొక అడ్డగోడ కట్టి, అతుకు సరిగ్గా గోడ మీదికి వచ్చేలా చూడండి. సున్నం ఒకటికి ఇసుక మూడు పాళ్ల గచ్చు మీద పరిచి, గోనెపట్టా కప్పి తడుపుతూ ఉండాలి. సిమెంటులా మర్నాడే గట్టిపడదు.

సున్నపుగచ్చు
సింకు కింద మాత్రం సున్నం, మట్టి వద్దు, సిమెంటే వాడండి. సింకు కోతకు మూలలు గుండ్రంగా తీయించండి. చదరంగా కోస్తే ఏ రాయైనా ఆ మూల నుంచే చీలుతుంది. బండ ముందుకు అంగుళంన్నర పొడుచుకు రావాలి, అడుగున అంచు పొడవునా గాడి కొట్టించాలి. గాడి లేకపోతే నీళ్లు బండ కిందుగా పాకి మట్టిగోడను తినేస్తాయి. ఈ గాడి సంగతి చెప్పనిదే ఏ మేస్త్రీ కొట్టడు!

వేపనీడ
అయితే సింకు వైపు 3 అడుగులు లేత గ్రానైట్, మధ్యలో 4 అడుగులు గరుకు తాండూరు. రెండింటి మందం వేరు కదా?

పుట్టమన్ను
వేరే. పలచటి రాయి కింద గచ్చు మందం పెంచి పైతలం కలపాలి. మధ్య అతుకు అడ్డగోడ మీదే రావాలి. చివర్లో సిమెంటు మరకలకని మేస్త్రి యాసిడ్ సీసా తెస్తాడు. తాండూరు మీద చుక్క కూడా పడనివ్వకండి.