అప్‌డేట్: చిన్నాయన సంవత్సరీకానికి ఏం చేశామంటే

మా చిన్నాయన పోయి ఏడాది కావస్తోంది, తద్దినంతో పాటు ఆయన గుర్తుగా ఏం చేస్తే బాగుంటుందని పోయిన నెల అడిగాను కదా. చాలామంది అన్నదానం అన్నారు. ఒకరు మాత్రం ‘ఆయనకు ఇష్టమైన పనే మీరు చేయండి’ అన్నారు. ఆ మాట పట్టుకున్నాం.

చిన్నాయన కొండకు బస్సెక్కడం నేనెప్పుడూ చూడలేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడకే. వెనకాల పిల్లలం ఏడుగురం. గాలిగోపురం దాకా కూర్చోకూడదు. అక్కడికి చేరితే ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు కొనిచ్చేవాడు. మోకాళ్ల మెట్టు దగ్గర మొండికేస్తే ‘ఇంకో పది మెట్లేరా’ అనేవాడు. ఎప్పుడడిగినా పదే!

ఏటి సూతకమని ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ కొండకు పోలేదు. సంవత్సరీకం అయ్యాక మొన్న ఆదివారం ఏడుగురమూ తిరుపతిలో కలిసి, తెల్లవారుజామునే నడక మొదలుపెట్టాం. సగంలోనే ఆయాసం. ఈ వయసులో ఆయన ఎట్లా ఎక్కాడో!

పిన్నమ్మ పులిహోర డబ్బాతో బస్సులో పైకొచ్చింది. ఆయన ఓపిక గురించి మేం గొప్పగా చెప్తుంటే నవ్వేసింది. ‘ఇంటికొచ్చి రెండ్రోజులు మోకాళ్లకు నూనె రాయించుకునేవాడు, మీకు చెప్పొద్దని ఒట్టు’ అంది.