మా నాన్నకీ నాలుగో తరగతి పాపకీ కలిపి తెలుగు పుస్తకాలు చెప్పండి

పుణె_అమ్మ:
అందరికీ నమస్తే. దసరా నుంచి నాన్న మా దగ్గరే ఉంటున్నారు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఇక్కడ తెలుగు పేపరు దొరకదు, పొద్దంతా బాల్కనీలో ఊరికే కూర్చుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. నవలలు ఆయనకి పడవు, "నిజంగా జరిగినవేమైనా ఉంటే తెప్పించమ్మా" అంటారు. శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి గంట చదివితే కళ్ళు అలసిపోతాయి. పాప తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతుంది, మొన్న "కార్తీక" అన్న మాట కింద వేలు పెట్టుకుని కా, ర, తీ అని మూడుసార్లు కూడబలుక్కుంది. పోయినసారి ఊరెళ్ళినప్పుడు బస్టాండులో నీతికథల పుస్తకం ఒకటి కొన్నాను, సన్న అక్షరాలు, పేజీకి రెండు అచ్చుతప్పులు, రెండో కథకే మూసేసింది. 3,000 రూపాయల్లో ఇద్దరికీ ఏం కొనమంటారు?

తార్నాక_రీడర్:
డబ్బుల్ని సగం సగం పంచకండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినేవి ముందు కొనండి. నేనైతే మొదట "రైలుబడి" చెప్తాను. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి అనే ఆవిడ తను చదివిన బడి గురించి రాసుకున్నది, అంటే మీ నాన్నగారు అడిగినట్టు జరిగిన సంగతే. పాత రైలుపెట్టెలే తరగతి గదులు. వేరే బడి నుంచి పంపించేసిన పిల్ల వస్తే, హెడ్మాస్టరు మొదటిరోజు ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు విన్నాడు. ఆ భాగం మా అబ్బాయికి చదివి వినిపిస్తే పుస్తకం లాక్కుని మళ్ళీ మొదటికి తిప్పాడు.

కోనసీమ66:
నాన్నగారికి ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర" తప్పకుండా తెప్పించండి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా ఉద్యోగం, 1830 మేలో పరివారంతో బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, బాట ఎలా ఉందో, ఏ నది ఎలా దాటారో అన్నీ స్నేహితుడికి రాసినవే. ఉత్తరాల మధ్య జీవితం గడిపిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి!

పాతసంచిక:
కోనసీమ గారూ, పుస్తకం గొప్పదే, కాదనను, కానీ ఆ పాతకాలపు తెలుగు అలసిన కళ్ళకి కష్టం. దానికన్నా ముందు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" ఇవ్వండి. అది ఆత్మకథే, పైగా మీ గోదావరి వైపు తెలుగే, ఎవరో అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. పాప సొంతంగా చదువుకోవడానికి ముందు డబ్బులు పెట్టకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, లెవెల్స్ ఉంటాయి. పాప నాలుగో తరగతి కదా అని నాలుగో లెవెల్ తియ్యకండి, ఒకటి నుంచి మొదలుపెట్టించండి, పేజీకి ఒకటి రెండు వాక్యాలే కాబట్టి పుస్తకం పూర్తిచేశానన్న సంతోషం దొరుకుతుంది. కొనే పుస్తకమైతే మధ్య పేజీ తెరిచి ఒత్తు, సుడి విడిగా కనబడుతున్నాయో లేదో చూసి కొనండి, ఆన్‌లైన్‌లో అయితే లోపలి పేజీ ఫోటో అడగండి.

తార్నాక_రీడర్:
ఇంకొకటి మర్చిపోయాను, "నాన్నారి చిన్నతనం". రష్యన్ రచయిత రాస్కిన్, జబ్బుపడిన కూతురికి తన చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు, అవే ఇవి. కొత్త బంతి కారు కింద పడి పేలిపోవడం మొదటి కథ. చిన్న చిన్న కథలు, తాతగారు రాత్రికొకటి చదవొచ్చు. సోవియట్ పిల్లల పుస్తకాలు కొన్ని సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వాళ్ళు మళ్ళీ వేశారు, అడిగి చూడండి.

పుణె_అమ్మ:
చాలా థాంక్సండీ. రైలుబడికీ శ్రీపాద గారికీ ఆర్డర్ పెట్టాను. కోనసీమ గారూ, కాశీయాత్ర పేరు చెప్పగానే నాన్న లేచి కూర్చుని "కాగితం ఇటివ్వు, రాసుకుంటా" అన్నారు, పాతకాలపు తెలుగైనా పర్లేదట, అదీ తెప్పిస్తున్నాను. నిన్న రాత్రి ఫోన్‌లో మొదటి లెవెల్ కథ ఒకటి పాపే ఆయనకి చదివి వినిపించింది. ఒత్తు దగ్గర ఆగినప్పుడు ఆయన అందించలేదు, ఊరుకుని ఆగారు. రాస్కిన్ పుస్తకం కొత్త ప్రింట్ ఎవరి దగ్గరైనా చూశారా?

పాతసంచిక:
కొత్త సంవత్సరం రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుందిగా, నేను ఏటా వెళ్తాను. కనబడితే ఒకటి తీసి పోస్టులో పంపిస్తాను.