నాన్న కాలి పుండుకు ఆక్సిజన్ ఇచ్చే పరికరం హైదరాబాద్‌లో పెడతారా?

శిరీష, మలక్‌పేట:
మా నాన్నకు 64 ఏళ్లు, షుగర్ వచ్చి 19 ఏళ్లు. ఉగాదికి కొన్న కొత్త చెప్పు కరిచి ఎడమ బొటనవేలి పక్కన పుండు పడింది. రెండు నెలలుగా రోజు విడిచి రోజు కట్టు మారుస్తున్నా మానడం లేదు. పాదం ముట్టుకుంటే చల్లగా ఉంటోంది. రాత్రిళ్లు మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే గానీ నొప్పి తగ్గదు. రక్తం అందక అక్కడ ఆక్సిజన్ చాలడం లేదన్నారు డాక్టర్. ఒంట్లో పెడితే అక్కడే ఆక్సిజన్ తయారుచేసే పరికరం వచ్చిందని తమ్ముడు వీడియో పంపాడు. అప్పు చేసైనా పెట్టిస్తాను. ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

తార్నాక నుంచి ఒక పరిశోధక విద్యార్థి:
శిరీష గారూ, ఆ వీడియో 2023లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు ప్రకటించిన పరికరం గురించి అయ్యుంటుంది. అది పుండు కోసం చేసింది కాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను చిన్న డబ్బీలో పెట్టి చర్మం కింద అమరుస్తారు. వాటికి రక్తనాళాలు ఉండవు కదా, ఆక్సిజన్ లేక చచ్చిపోతాయి. అందుకే ఒంట్లోని నీటి ఆవిరిని విడగొట్టి పక్కనే ఆక్సిజన్ పుట్టిస్తారు. బ్యాటరీ ఉండదు, బయటి కాయిల్ నుంచి వైరు లేకుండా కరెంటు అందుతుంది. షుగర్ ఉన్న ఎలుకల్లో దాదాపు నెల రోజులు పనిచేసింది. అంతకుముందు 2011లో పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్లు క్యాన్సర్ గడ్డల్లోకి పంపే పరికరం చేశారు. గడ్డలో ఆక్సిజన్ ఉంటే రేడియేషన్ బాగా పనిచేస్తుందని వాళ్ల ఆలోచన.

నాకు ఈ పనంటే ప్రాణం. అయినా మీ నాన్నగారి కోసం దీన్ని వెతకొద్దనే చెబుతాను. కండలో ఆక్సిజన్ తనంతట తాను పాకేది మిల్లీమీటరులో పదోవంతు, రెండు పదోవంతుల దూరమే. పైగా రక్తం తెచ్చేది ఆక్సిజన్ ఒక్కటే కాదు. తెల్లకణాలు, మనం వేసుకునే యాంటీబయాటిక్ కూడా ఆ దారినే రావాలి. దారి పూడుకుపోతే ముందు దారి తెరవాలి.

మౌలాలి లక్ష్మి:
శిరీషా, కాలు వేలాడేస్తే నొప్పి తగ్గుతోందన్నావు చూడు, మా అమ్మకీ అచ్చం అంతే. ఒక ఆసుపత్రిలో నాలుగు నెలలు కట్లు కట్టారు తప్ప రక్తనాళాలు చూడలేదు. చివరికి రక్తనాళాల డాక్టర్ (వాస్క్యులర్ సర్జన్) రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీయించి, మోకాలి కింద పూడికను బెలూన్‌తో తెరిచారు. పుండు మానింది కానీ అప్పటికే చిటికెనవేలు పోయింది. ఆ నాలుగు నెలలు తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది, రేపే తీసుకెళ్లు. చేతి బీపీతో చీలమండ బీపీ పోల్చి చూసి బాగుందంటే అక్కడితో ఆగకు. షుగర్ వాళ్లకు నాళాలు గట్టిపడి ఆ లెక్క తప్పు రావచ్చు. బొటనవేలి ప్రెషర్ కూడా చూడమని అడుగు. వేలు నల్లబడితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

శిరీష, మలక్‌పేట:
రేపు పొద్దున్నే వెళ్తున్నాం అక్కా. పాదం చల్లగా ఉందని అమ్మ రోజూ వేడినీళ్ల సీసాతో కాపడం పెడుతోంది. పెట్టొచ్చా?

మౌలాలి లక్ష్మి:
ఇప్పుడే ఆపించు తల్లీ. నొప్పి ఉన్నా షుగర్ కాలికి స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు, చర్మం కాలినా ఆయనకు తెలియకపోవచ్చు. మెత్తటి సాక్సులు వదులుగా తొడగండి చాలు.