రోడ్స్ కొనాల్నా, ల్యాప్‌టాప్ ప్లగిన్‌తోనే నడిపియ్యాల్నా?

హన్మకొండ కీస్:

అందరికీ నమస్తే. కరీంనగర్‌ల ఒక దగ్గర రోడ్స్ మార్క్ 1 స్టేజ్ 73 (73 కీల పాత ఎలక్ట్రిక్ పియానో) అమ్మకానికి ఉన్నది. మూత తీస్తే లోపల 2976 అని అచ్చు. ఆరు నోట్లు మోగుతలేవు. కింది ఆక్టేవ్‌ల కొన్ని నోట్లు టక్కుమని, రెండు సెకన్లల్ల సచ్చిపోతున్నయ్. కాళ్లు నాలుగూ ఉన్నయ్, సస్టెయిన్ పెడల్ ఉన్నది గాని దాని రాడ్ లేదు.

ఇప్పుడు వాడేది: 61 కీల సింథ్ యాక్షన్ (స్ప్రింగు మీది తేలిక కీల) కంట్రోలర్, ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, రెండు ఛానళ్ల ఇంటర్‌ఫేస్, శాంపిళ్ల (రికార్డు చేసిన నోట్ల) మీద నడిచే ఒక రోడ్స్ ప్లగిన్. హెడ్‌ఫోన్లల్ల మస్తుంటది. ఫంక్షన్ హాల్ల పీఏకు (హాల్ సౌండ్ సిస్టంకు) ఇస్తే కింద బురద, పైన స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు. ఎంత గట్టిగ కొట్టినా ఆ గుర్రుమనే బార్క్ రాదు. వైబ్రాటో పెడితే హెడ్‌ఫోన్లల్ల గిర్రున తిరుగుతది, హాల్ల పెట్టినట్టే తెల్వది.

సాఫ్ట్‌వేర్‌తోటి ఇంతేనా, లేకపోతే సెట్టింగుల తప్పున్నదా? ఒకవేళ ఆ పియానో కొంటే ఏమేం చూసుకోవాలె, మన దగ్గర ఎండలకు, వానలకు అది నిలబడతదా?

మంచిర్యాల మిక్సర్:

ముందు వైబ్రాటో సంగతి. అది సూట్‌కేస్ మోడల్ (సొంత ఆంప్, స్పీకర్లు ఉన్న రోడ్స్) ఎఫెక్ట్. పేరు వైబ్రాటో గాని స్వరం ఊగదు, సౌండ్ ఎడమ కుడి స్పీకర్ల మధ్య తిరుగుతది. ఎడమ తగ్గినంత కుడి పెరుగుతది. మన ఫంక్షన్ హాళ్లల్ల పీఏ నూటికి తొంభై మోనోనే. రెండూ ఒక్క దాంట్ల కలిస్తే తగ్గింది, పెరిగింది చెల్లుకు చెల్లు, ఎఫెక్ట్ మాయం. ప్లగిన్‌ల దాన్ని బంద్ చేసి, మోనో ట్రెమొలో పెట్టు. వాల్యూమే ఎక్కి దిగాలె, సెకనుకు 5 నుంచి 6 సార్లు, లోతు సగానికి తక్కువ. హాల్ల గోడ దాకా వినపడతది.

బార్క్ రాకపోవుడు రెండు కారణాలు. ఒకటి కంట్రోలర్. మిడి మానిటర్ (కీ ఎంత గట్టిగ కొట్టినవో 1 నుంచి 127 దాకా నంబర్ల చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి ఒక్క కీ మీద వీలైనంత మెల్లగ పదిసార్లు, వీలైనంత గట్టిగ పదిసార్లు కొట్టి నంబర్లు చూడు. మెల్లగ కొడితే 20, 30 దగ్గర, గట్టిగ కొడితే 110 దాటి రావాలె, 127 ఎప్పుడో ఒకసారి తగలాలె. సింథ్ యాక్షన్ కీలల్ల మామూలుగ 60 కింద వేలు నిలవదు, కొంచెం ఊపుల ఉంటే అన్నీ 127కు పోయి గుద్దుకుంటయ్. రోడ్స్‌ల బార్క్ అనేది స్విచ్ కాదు, దెబ్బ పెరిగిన కొద్దీ గంట లాంటి సౌండు లోపల్నుంచి చిక్కబడుకుంట వస్తది. ఆ నడుమ మెట్లన్నీ నీ వేళ్లకు దొరుకుతలేవు. వెలాసిటీ కర్వ్ (దెబ్బకు ఎంత నంబరు పోవాల్నో చెప్పే సెట్టింగు) కిందికి వంచు, 127 తగలనియ్యకు. ఇంకా చాలకపోతే హ్యామర్ యాక్షన్ (పియానో లెక్క బరువు కీల) కీబోర్డు తప్పదు. ప్లగిన్ మార్చే డబ్బులుంటే ముందు దానికి పెట్టు.

రెండోది, ఆంప్. స్టేజ్ మోడల్‌కు సొంత స్పీకర్ ఉండదు, దాన్ని గిటార్ ఆంప్‌లకో కీబోర్డు ఆంప్‌లకో పెడతరు. రికార్డుల్ల మనం విన్న సౌండ్‌ల సగం ఆ ఆంప్‌దే. నువ్వేమో పికప్ (పియానో లోపలి ఊపును సిగ్నల్‌గ మార్చే కాయిల్) సౌండ్‌ను సీదా పీఏ హార్న్‌కు ఇస్తున్నవ్, అందుకే ఆ చెంచా మోత. ప్లగిన్ వెనక ఆంప్, క్యాబినెట్ సిమ్యులేషన్ పెట్టు. లేకపోతే కనీసం 5, 6 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యి. 70 హెర్ట్జ్ కింద హై పాస్‌తోటి కోసెయ్యి, 250 నుంచి 400 నడుమ 3 డీబీ తగ్గించు, బురద పోతది. ప్లగిన్‌ల రివర్బ్, కోరస్ రెండూ బంద్. హాలే ఒక రివర్బ్.

శాంపిల్ ప్లగిన్‌ను పరీక్షించే ఉపాయం ఒకటి. సస్టెయిన్ తొక్కి పట్టి ఒక్కటే నోటు గబగబా ఎనిమిదిసార్లు కొట్టు. నిజం దాంట్ల హ్యామర్ పోయి ఊగుతున్న టైన్‌నే (మోగే సన్నటి స్టీలు కడ్డీనే) మళ్ల కొడతది. అది పైకి ఊగేటప్పుడు తగిలితే ఒక తీరు, కిందికొచ్చేటప్పుడు ఇంకో తీరు, ఏ రెండు దెబ్బలూ ఒక్కతీరు ఉండవు. శాంపిల్‌ల పాత రికార్డింగ్ మీద కొత్తది పేరుస్తరు, మిషన్‌గన్ లెక్క వినపడతది. ఫిజికల్ మోడలింగ్ వాటిల్ల (సౌండ్‌ను లెక్కలు కట్టి అప్పటికప్పుడు పుట్టించేటివి), అంటే పియానోటెక్, లౌంజ్ లిజార్డ్ లాంటి వాటిల్ల, ఈ బాధ తక్కువ. జాగా కూడ తినవు. కీస్కేప్ లాంటి శాంపిల్ లైబ్రరీ పూర్తిగ వేస్తే 77 జీబీ, నీ 8 జీబీ ర్యామ్ మీద దాన్ని తోలుడు కష్టం.

ఇంటర్‌ఫేస్ సెట్టింగుల బఫర్ (సౌండ్ బయటికి పోయే ముందు పోగేసే శాంపిళ్ల లెక్క) 128 పెట్టు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీసెకన్లు. 512 పెడితే 10.7, వేలు ముందు, సౌండు వెనక. మానిటర్ బాక్స్ మూడు మీటర్ల దూరం ఉంటే గాలిల్నే ఇంకో 9 మిల్లీసెకన్లు పోతయ్, దగ్గరికి జరుపుకో. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టంగనే గుయ్యిమంటే డీఐ బాక్స్‌ల (ల్యాప్‌టాప్‌కు, మిక్సర్‌కు నడుమ పెట్టే డబ్బా) గ్రౌండ్ లిఫ్ట్ నొక్కు. చార్జర్ ఎర్త్ పిన్ను మాత్రం పీకకుర్రి.

టంకంపెట్టె:

పైన చెప్పినవన్నీ చేశాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు ఇది చదవండి. 2976 అంటే 1976లో 29వ వారం. ఆ కాలం వాటికి ప్లాస్టిక్ హ్యామర్లు, టైన్లు కూడా తొలి రోజుల వాటికంటే గట్టివి. మంచి వయసే.

చూడడానికి వెళ్లేటప్పుడు చిన్న ఆంప్, కేబుల్, స్క్రూడ్రైవర్, టార్చ్, మల్టీమీటర్ తీసుకెళ్లండి. రెండు సెకన్లకే చచ్చిపోయే నోట్ల గురించి భయపడక్కర్లేదు. టోన్‌బార్ (టైన్ బిగించిన లోహపు పట్టీ) ఒక్కోటి రెండు స్క్రూల మీద నిలబడుతుంది, ఆ స్క్రూల చుట్టూ రబ్బరు గ్రొమ్మెట్లు. యాభై ఏళ్లకు ఆ రబ్బరు గట్టిపడి రాయి అవుతుంది. అప్పుడు టైన్ ఊపు టోన్‌బార్‌లో నిలవకుండా చెక్కలోకి దిగిపోతుంది. 73 నోట్లకు 146 గ్రొమ్మెట్లు, మొత్తం మార్చేయడమే మేలు. అయితే దానికి ముందు మూడు తప్పులు చూసుకోవాలి: టోన్‌బార్ పక్కదానికి తగులుతోందా, స్క్రూ మరీ బిగించి గ్రొమ్మెట్‌ను నలిపేశారా, కీ నొక్కినప్పుడు డ్యాంపర్ (మోతను ఆపే ఫెల్టు పట్టీ) టైన్ నుంచి పూర్తిగా కిందికి దిగుతోందా. డ్యాంపర్ ఫెల్ట్ ఒక వెంట్రుకంత తగిలినా నోటు బతకదు.

మోగని నోటు దగ్గర టైన్‌ను వేలితో మీటండి. చెవికి సన్నగా వినిపిస్తుంటే టైన్ బాగానే ఉంది. తర్వాత స్క్రూడ్రైవర్ కొనతో ఆ పికప్ మూతిని మెల్లగా తట్టండి. ఆంప్‌లో టక్ అంటే పికప్ కూడా బతికే ఉంది, టైన్ దానికి దూరంగా జరిగిందంతే. టైన్ కొనకూ పికప్‌కూ మధ్య సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఇంకా దగ్గరికి తెస్తే సౌండ్ పెరుగుతుంది, బార్క్ పెరుగుతుంది, కానీ కింది నోట్లను గట్టిగా కొడితే టైన్ వెళ్లి పికప్‌కే తగులుతుంది.

వాయిసింగ్, అంటే టైన్‌ను పికప్ ముందు సరైన చోట నిలిపి సౌండ్ తీరు మలచడం, ఇందులో అసలు రుచి. పికప్ మూతి ఉలి అంచులా ఉంటుంది. టైన్ కొన సరిగ్గా దానికి ఎదురుగా నిలిస్తే అసలు స్వరం తగ్గిపోయి, పై ఆక్టేవ్ వినిపిస్తుంది, బోలుగా ఉంటుంది. కొంచెం పైకి లేపితే అసలు స్వరమూ గంట మోతా రెండూ కలుస్తాయి. ఇంకా లేపితే గుండ్రంగా, మెత్తగా, బార్క్ లేకుండా. టోన్‌బార్ స్క్రూను పావు తిప్పు తిప్పితేనే తేడా తెలుస్తుంది. ప్లగిన్‌లో ఒక్క నాబ్ 73 నోట్లనూ ఒకేసారి మారుస్తుంది, ఇక్కడ ఒక్కో నోటుకూ ఒక్కో లెక్క. నిజం పియానోలో ఏ రెండు నోట్లూ ఒకేలా ఉండకపోవడానికి ఇదే మూలం. బాగా వాయిస్ చేయని నిజం రోడ్స్ కంటే మంచి ప్లగిన్ నూరు రెట్లు నయం, ఇది మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను.

శ్రుతి చేయడం తేలిక. టైన్ మీద చిన్న స్ప్రింగ్ చుట్ట ఉంటుంది. కొన వైపు జరిపితే శ్రుతి దిగుతుంది, మొదలు వైపు జరిపితే ఎక్కుతుంది. ట్యూనర్ పెట్టుకుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో నెట్టడమే.

ఒక దెబ్బకు రెండు మోతలు వస్తే ఎస్కేప్‌మెంట్, అంటే హ్యామర్ కొనకూ టైన్‌కూ మధ్య సందు, తక్కువైందని అర్థం. హ్యామర్ వెనక్కి రావడానికి జాగా లేదు. హార్ప్ (టైన్లు, పికప్‌లు బిగించిన చట్రం) ఆనుకునే దిమ్మల కింద పల్చటి పట్టీలు పెట్టి పైకి లేపాలి. పై నోట్లలో స్వరం లేకుండా చెక్క చప్పుడే వస్తుంటే హార్ప్ ముందుకో వెనక్కో జరిగిందన్నమాట. స్క్రూలు వదులు చేసి ఒక్కో మిల్లీమీటరు జరుపుతూ, పై నోటు గలగలలాడే చోట బిగించండి. హ్యామర్ టిప్పులకు లోతుగా గాడి పడి ఉంటే మార్చాలి. కింది నోట్లకు మెత్తవి, పైకి పోయే కొద్దీ గట్టివి వరుసగా ఉంటాయి, కలిపేస్తే మొత్తం పాడు.

వాతావరణానికి వస్తే, వానాకాలంలో కీల చెక్క, గైడ్ పిన్నుల చుట్టూ ఉన్న ఫెల్టు ఉబ్బి కీలు కిందే ఉండిపోతాయి. నూనె, స్ప్రేలు అసలు కొట్టొద్దు, ఫెల్టు బంకలా తయారవుతుంది. కీ తీసి ఆ ఫెల్టు బుషింగ్‌ను ప్లయర్‌తో సన్నగా నొక్కి వదులు చేస్తే చాలు. చెదలు, ఎలుకలు, ఉన్ని తినే పురుగు, ఈ మూడూ ఎండకన్నా పెద్ద శత్రువులు. గోడకు ఆనించకండి, కాళ్ల మీద నిలబెట్టి ఉంచండి. పెడల్ రాడ్ గురించి దిగులొద్దు. నేల మీది పెడల్‌కూ పైన సాకెట్‌కూ మధ్య కొలత తీసుకుని వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు.

గ్రొమ్మెట్లు, టిప్పులు, టైన్లు బయటి దేశం నుంచి తెప్పించాల్సిందే. కొనే ధరకు సమానంగా ఇంకొంత చేతిలో ఉంటేనే దిగండి.

కాజీపేట జంక్షన్:

రోడ్స్ స్టేజ్ కాళ్లతోటి 60 కిలోల దాకా ఉంటది, దాన్ని పెళ్లిళ్లకు మోస్తవా? వుర్లిట్జర్ 200ఏ అని ఇంకో తీరు ఎలక్ట్రిక్ పియానో ఉన్నది చూడు, 64 కీలే, తేలిక, స్పీకర్లు దాంట్లనే ఉంటయ్. పాటల నడుమ ఇంకా బాగ కోసుకుంట వస్తది.

టంకంపెట్టె:

తేలిక నిజమే, కానీ ఇక్కడ వుర్లిట్జర్ అంటే తలనొప్పి ఎక్కువ. అందులో టైన్లు కాదు, స్టీలు రీడ్లు. పికప్ అయస్కాంతం కాదు, సుమారు 150 వోల్టుల డీసీ మీద నడిచే కెపాసిటర్ లాంటిది. రీడ్‌కూ పికప్‌కూ మధ్య సందు వెంట్రుకవాసి. దుమ్ము రేణువు పడిందంటే పేలాలు వేయించినట్టు చిటపటలు, వానాకాలం తేమకూ అంతే. శ్రుతి చేయాలంటే రీడ్ కొన మీది టంకాన్ని ఆకురాయితో అరగదీయాలి. తీస్తే శ్రుతి ఎక్కుతుంది, పెడితే దిగుతుంది. ఎక్కువ తీశారో, మళ్లీ సాల్డరింగే.

పైగా అమెరికా మోడల్ అయితే 117 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 230, 50 హెర్ట్జ్‌కు స్టెప్‌డౌన్ కావాలి, 150 వీఏ సరిపోతుంది. వోల్టేజ్ తగ్గినా ఫ్రీక్వెన్సీ మారదు కాబట్టి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అక్కడికంటే వేడెక్కుతుంది. మన దగ్గర లైన్ 250కి పోయిందంటే స్టెప్‌డౌన్ అవతల 127 దాకా వస్తుంది. ముందు స్టెబిలైజర్, తర్వాత స్టెప్‌డౌన్ పెట్టాలి. లోపల చేయి పెట్టే ముందు ప్లగ్ పీకి కెపాసిటర్లు ఖాళీ అయ్యాయో లేదో మీటరుతో చూడాలి. రోడ్స్ స్టేజ్‌కు అసలు కరెంటే అక్కర్లేదు.

హన్మకొండ కీస్:

వెలాసిటీ చూసిన. మెల్లగ కొడితే 52, గట్టిగ కొడితే పదిట్ల ఎనిమిది 127. కర్వ్ వంచి, మోనో ట్రెమొలో, క్యాబినెట్ పెట్టినంక రాత్రి పీఏల విన్న, సగం సమస్య అక్కడనే తీరింది. హ్యామర్ యాక్షన్ కీబోర్డు ముందు కొంట.

పియానో మళ్ల చూసిన. మోగని ఆరింట్ల మూడు పక్కపక్కనే. మూడు టైన్లూ మీటితే చెవికి వినపడుతున్నయ్, స్క్రూడ్రైవర్‌తోటి తడితే మూడు పికప్‌లూ ఆంప్‌ల టక్ అంటలేవు. మిగిలిన మూడిట్ల ఒకటి టైన్ మొదట్ల విరిగింది, ఇంకోటి దూరం జరిగింది, ఆఖరుదానికి టైన్ మంచిగనే ఉన్నది, పికప్ సప్పుడు లేదు. మూడు పికప్‌లు ఒక్కసారే కాలిపోతయా?

టంకంపెట్టె:

కాలిపోలేదు. ఆ పికప్‌లను మూడేసి ప్యారలల్‌గా కలిపి, ఆ గుంపులను సిరీస్‌లో వేస్తారు. ఒక్క కాయిల్ తెగితే ఆ ఒక్క నోటే పోతుంది, మీ ఆఖరు నోటు సంగతి అదే, పికప్ మార్చాలి. ఒక గుంపులో షార్ట్ అయితే ఆ మూడూ కలిసి పోతాయి, మిగతావి మామూలుగా మోగుతాయి. ఆ గుంపు రెండు చివర్లకూ మీటరు పెట్టండి, పక్క గుంపు రీడింగ్‌తో పోల్చండి. సున్నాకు దగ్గరగా చూపిస్తే షార్టే. ముందు టార్చ్ వేసి వెతకండి: వంగి తగులుకున్న ట్యాగ్ (కాయిల్ తీగ అతికే కొన), కారి అతుక్కున్న టంకం, తెగి పడ్డ తీగ ముక్క. అవేవీ లేకపోతే ఒక్కో పికప్‌కు ఒక కాలు మాత్రం విడదీస్తూ మీటరు చూడండి, ఏది విప్పినప్పుడు రీడింగ్ పెరిగితే దొంగ అదే. కాయిల్ తీగ వెంట్రుక కన్నా సన్నం. ట్యాగ్ మీద సాల్డరింగ్ ఐరన్ ఒకటి రెండు సెకన్లకు మించి ఆనించొద్దు, తీగను లాగొద్దు. ఇది పట్టుకున్నాక, ఒక టైన్, ఒక పికప్, గ్రొమ్మెట్ సెట్ ఖర్చు లెక్క వేసి, అమ్మేవాళ్ల దగ్గర ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.