పెద్ద నిర్ణయాల్లో రిస్క్ మీరెలా తూస్తారు? (వ్యాపారం + ట్రెక్)

ప్రశ్న:
రెండు పెద్ద నిర్ణయాలు ఒకేసారి నెత్తిమీదకొచ్చాయి. స్నేహితుడితో కలిసి వ్యాపారం పెట్టాలని ఉంది, దానికి నా పొదుపంతా పెట్టాలి, పైగా బ్యాంకు లోనుకి హామీ సంతకం కూడా అడుగుతున్నారు. అందులోకి దిగితే మళ్లీ తీరిక దొరకదు కాబట్టి ఈలోపే ఎప్పటినుంచో అనుకుంటున్న ఎత్తైన పర్వతాల ట్రెక్‌కి ఒక్కడినే వెళ్లి రావాలని ఉంది. ఇంట్లో ట్రెక్ అనగానే గోల, వ్యాపారం గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. నాకేమో వ్యాపారం తలచుకుంటేనే నిద్ర పట్టట్లేదు. ప్లస్సులు, మైనస్సులు రాసుకుంటే రెండు వైపులా సమానంగానే వస్తున్నాయి. "ధైర్యే సాహసే లక్ష్మి" లాంటివి వద్దు, దయచేసి అసలు ఎలా ఆలోచిస్తారో చెప్పండి.

జవాబు 1:
ఆ ప్లస్సుల మైనస్సుల కాగితం పక్కన పెట్టేయండి. అందులో "లాభం బాగా రావచ్చు", "ఉన్నదంతా పోవచ్చు" రెండూ చెరో లైను, బరువు సమానం అన్నట్టు కనిపిస్తాయి. నేను ముందు చూసేది, దెబ్బ తగిలితే మళ్లీ లేచే దారి ఉందా లేదా అని. ఎంత అవకాశం ఉందన్నది ఆ తర్వాతే.

ఒక లెక్క చూడండి. నాణెం పందెం, గెలిస్తే పెట్టినదానికి 50 శాతం కలుస్తుంది, ఓడితే 40 శాతం పోతుంది. సగటున పందేనికి 5 శాతం లాభం, వినడానికి బాగుంది కదా. కానీ ప్రతిసారీ ఉన్నదంతా పెడితే ఒక గెలుపు, ఒక ఓటమి అయ్యేసరికి 100 కాస్తా 150 అయి, మళ్లీ 90కి దిగుతుంది. అలా ఆడుతూ పోతే దాదాపు అందరూ ఖాళీ అవుతారు. అదే పందెంలో ఉన్నదాంట్లో పావు వంతే పెడితే 100 కాస్తా 112.5 అయి 101.25 దగ్గర ఆగుతుంది, అంటే నెమ్మదిగా పెరుగుతుంది. ఎంత భాగం పెట్టాలనే ఈ సూత్రం అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఇచ్చాడు. పందెం అదే, నాణెం అదే, పెట్టిన భాగం ఒక్కటే మారింది. కాబట్టి "వ్యాపారం మంచిదా కాదా" అనే దగ్గరే ఆగిపోకండి, "పొదుపంతా పెట్టాలా" అన్నది విడిగా తేల్చుకోండి.

జవాబు 2:
ట్రెక్ సంగతి నేను చెప్తాను. పర్వతాల్లో ప్రమాదం చాలావరకు ముందే కనిపిస్తుంది, దాన్ని లెక్క చేయకపోవడమే ప్రాణం మీదకి తెస్తుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగాలి. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి పోకూడదు, నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాలి. మీరు ఒక్కరే అంటున్నారు, అదే నాకు నచ్చలేదు. ఎత్తు వల్ల మెదడు మీద ప్రభావం పడ్డవాడికి తన పరిస్థితి తనకే తెలియదు, చూసి చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఇన్సూరెన్స్ తీసుకుంటే ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టర్‌లో దించే ఖర్చు ఇస్తారో లేదో పాలసీ కాగితంలోనే చదవండి, అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

ఇంకొకటి, ఎక్కడ వెనక్కి తిరగాలో బయల్దేరకముందే రాసుకోండి. 1909 జనవరి 9న అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ మరో ముగ్గురితో కలిసి దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగాడు. అప్పటిదాకా అంత దక్షిణానికి ఎవరూ వెళ్లలేదు, ఇంకొంచెం నడిస్తే చరిత్రలో మొదటి పేరు వాళ్లదే. కానీ మిగిలిన తిండి తిరుగు ప్రయాణానికి చాలదని లెక్క తేలింది. వస్తూ వస్తూ చావు అంచు దాకా వెళ్లినా నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. అలాంటి లెక్క శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు వేస్తే కుదరదు, అప్పుడు మనసు శిఖరం వైపే మాట్లాడుతుంది.

జవాబు 3:
పైవాళ్లతో ఏకీభవిస్తూనే ఒక మాట. భయం ఎక్కువ ఉన్నచోట రిస్క్ ఎక్కువ ఉంటుందని లేదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కార్లెక్కారు. ఆ తర్వాతి ఏడాదిలో దీనివల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయి ఉంటారని జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా. మీ ఇంట్లోనూ అదే జరుగుతోంది, లోయలో పడటం కళ్లకు కడుతుంది, అప్పు కాగితం కట్టదు. మీకు నిద్ర పట్టకపోవడం నా దృష్టిలో సరైన సంకేతమే, దాన్ని పిరికితనం అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. ట్రెక్‌కి గ్రూపుతోనే వెళ్తాను. వ్యాపారంలో ఇంత నష్టం వస్తే ఆపేద్దామని ముందే రాసుకుందామంటే "మొదలుపెట్టకముందే ఓడిపోవడం గురించి ఏంటి, నా మీద నమ్మకం లేదా" అని స్నేహితుడు బాధపడుతున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు 1:
అతని బాధ అర్థమవుతుంది, కానీ రాసుకోవాల్సింది ఇప్పుడే, ఇద్దరూ ప్రేమగా మాట్లాడుకుంటున్నప్పుడే. అతన్నే అడగండి: "ఏడాది తర్వాత ఇది మూతపడిందనుకో, ఎందుకు మూతపడి ఉంటుందో ఇద్దరం విడివిడిగా రాద్దాం." గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి ఇది, ప్రీమార్టమ్ అంటారు. ఇందులో ఎవరినీ అనుమానించే పని లేదు కాబట్టి మనసులో ఉన్నది బయటకొస్తుంది. రెండు కాగితాల్లోనూ వచ్చిన కారణాల దగ్గర ఆపే గీత పెట్టుకోండి. నెలకి ఎంత కరిగితే ఆగాలి, ఒకరు తప్పుకుంటే వాటా ఎలా లెక్కకట్టాలి, అన్నీ.

హామీ సంతకం మాత్రం అన్నిటికన్నా జాగ్రత్త. లిమిటెడ్ కంపెనీ పెట్టినా సరే, వ్యక్తిగత హామీ ఇస్తే అప్పు మీ సొంత ఆస్తి దాకా వస్తుంది. "ఉమ్మడిగానూ, విడివిడిగానూ" అని ఉందేమో చూడండి, ఉంటే స్నేహితుడు చేతులెత్తేసిన రోజు మొత్తం బాకీ మీ ఒక్కరినే అడగొచ్చు. హామీకి గరిష్ఠ మొత్తం వేయించండి, మీరు వ్యాపారం నుంచి బయటికొస్తే హామీ ఎలా రద్దవుతుందో రాయించండి. బ్యాంకువాళ్లు ఒప్పుకోకపోతే లోను తగ్గించుకుని చిన్నగా మొదలుపెట్టండి. ఆ పత్రం బ్యాంకు లాయరు కాకుండా మీ లాయరు చదివాకే పెన్ను పట్టుకోండి.