నిధులు ఆపే బిల్లును అధ్యక్షుడు వీటో చేస్తే అమెరికా కాంగ్రెస్‌కి మిగిలే దారేంటి?

అందరికీ నమస్కారం. ఎంఏ రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. విదేశాల్లోని సైన్యాన్ని వెనక్కి రప్పించడానికి అమెరికా కాంగ్రెస్ ఖజానా అధికారాన్ని (ప్రభుత్వ ఖర్చుకు డబ్బు ఇవ్వడం, ఆపడం తన చేతిలో ఉండటాన్ని) ఎలా వాడిందన్నది నా సెమినార్ అంశం. ఒకచోట ఆగిపోయాను.

1973 జూన్ చివర్లో కంబోడియా బాంబుదాడులకు నిధులు ఆపే బిల్లును నిక్సన్ వీటో చేశాడు. వారం తిరక్కుండానే ఆగస్టు 15 గడువుకు ఒప్పుకుని సంతకం పెట్టాడు. అదే 2007 మే 1న, ఇరాక్ నుంచి వెనక్కి రావడానికి గడువు పెట్టిన నిధుల బిల్లును బుష్ వీటో చేస్తే, దాన్ని తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో 222-203 ఓట్లే వచ్చాయి. మూడింట రెండొంతులు కావాలి కదా! చివరికి ఆ గడువు తీసేసి డబ్బు ఇచ్చేశారు. (1993లో సోమాలియా విషయంలో ఈ చిక్కు రాలేదు. చట్టంలో రాసిన 1994 మార్చి 31 గడువు క్లింటన్ ముందే ప్రకటించిందే.)

నిక్సన్ ఎందుకు దిగొచ్చాడు, బుష్ ఎందుకు దిగిరాలేదు? అప్పట్లో ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిసేది. ప్రభుత్వ కార్యాలయాల డబ్బు ఆగిపోతుందన్న ఒత్తిడే పనిచేసిందని నా అంచనా. సరేనా?

ఇంకొకటి. 2007లో కాంగ్రెస్ అసలు ఏ బిల్లూ పాస్ చేయకుండా ఊరుకుంటే, రక్షణ శాఖ మామూలు బడ్జెట్‌లోంచి డబ్బు మళ్లించి యుద్ధం సాగించగలిగేదా? ఎంతకాలం?

మన లోక్‌సభ కోత తీర్మానాలతో పోల్చాలనీ ఉంది గానీ, ముందు ఇది తేలాలి. తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.